హార్మోనియం కొనబోయేవారికి

ఇంట్లో పిల్లలకు సంగీతం చెప్పించాలని సంకల్పించినప్పుడు మన కుటుంబాలలో తలపుకు వచ్చే వాద్యాలలో హార్మోనియం ఒకటి. వీణకు పెట్టవలసినంత వెల దీనికి అక్కరలేదు. వయొలిన్ మీద వలె స్వరస్థానం కోసం వేలితో తడుముకొనే పని లేదు. మెట్టు నొక్కితే స్వరం పలుకుతుంది. ఈ సౌలభ్యాన్ని చూచి, నెలల తరబడి కూడబెట్టిన సొమ్ముతో పెద్దలు అంగడికి వెళ్ళి, చెక్క నునుపునూ గుబ్బల తళుకునూ మెచ్చుకొని ఒక పెట్టెను తెస్తారు. ఏడాది తిరగకముందే ఆ పెట్టె మంచం క్రిందికి చేరడమూ కద్దు. పిల్లవానికి సంగీతం అబ్బలేదని పెద్దలు నిట్టూరుస్తారు. తనకు చెవి లేదని పిల్లవాడే నమ్ముతాడు. ఒక్కొక్కప్పుడు దోషం ఆ చెవిది కాదు, గాలి నిలవని, శ్రుతి కలియని ఆ పెట్టెది. కనుక తక్కువ వెలలో నమ్మదగిన హార్మోనియాన్ని ఎట్లా గుర్తించవలెనో తెలుసుకొనడం అవసరం.

ముందుగా ఆ పెట్టెలో ఏమి జరుగుతున్నదో చూద్దాం. వెనుకవైపు తెరిచి మూసే తిత్తి గాలిని లోపలికి తోస్తుంది. ఆ గాలి లోపలనున్న మరొక తిత్తిలో నిలువ ఉండి, సమమైన ఒత్తిడితో పైకి వస్తుంది. ప్రతి మెట్టు క్రిందా ఒక రంధ్రమూ, దానిని మూసి ఉంచే తోలు అంటించిన చెక్కమూతా ఉంటాయి. మెట్టు నొక్కగానే మూత లేచి, గాలి రీడు గుండా పోతుంది. రీడు అంటే ఒక కొస చీలతో బిగించి, రెండవ కొస స్వేచ్ఛగా వదలిన ఇత్తడి నాలుక. గాలి తాకిడికి ఆ నాలుక తన చీలికలో అటూ ఇటూ కంపించి నాదాన్ని పుట్టిస్తుంది. మౌత్ ఆర్గన్, అకార్డియన్, ఇంగ్లీషువారి కన్సర్టీనా అన్నీ ఈ జాతి వాద్యాలే. పారిస్‌లో అలెగ్జాండర్ దెబెయ్న్ 1840ల తొలినాళ్ళలో హార్మోనియం అనే పేరుతో దీనికి హక్కు పత్రం పొందాడు. కాళ్ళతో తొక్కి వాయించే ఆ పెద్ద వాద్యాన్ని, నేలమీద కూర్చుండి ఒక చేత తిత్తి ఆడిస్తూ మరొక చేత వాయించుకొనే చిన్న పెట్టెగా మార్చినవారిలో కలకత్తాకు చెందిన ద్వారకానాథ్ ఘోష్ ముఖ్యుడు. నేడు రీడ్ల తయారీకి గుజరాత్‌లోని పాలిటానా పట్టణం ప్రసిద్ధి.

దీనిని బట్టి హార్మోనియంలో నిజంగా విలువైనవి రెండే అని తేలుతున్నది: నిలిచే గాలి, కలిసే రీడు. మిగిలినవన్నీ వీటి తరువాతివే.

గాలిని పరీక్షించడం ఎవరికైనా సాధ్యమే. రీడు వరుసలను తెరిచే గుబ్బలను మాత్రమే ముందుకు లాగి, ఏ మెట్టూ నొక్కకుండా తిత్తిని నిండుగా ఆడించండి. అప్పుడు ఏ స్వరమూ వినిపించకూడదు. సన్నని మూలుగు ఏదైనా వినవచ్చిందంటే, ఎక్కడో ఒక మూత సరిగా కూర్చొనలేదన్నమాట. తరువాత చేయి ఆపి ఒకే ఒక మెట్టును నొక్కి పట్టుకొని, నాదం ఎంతసేపు నిలుస్తుందో లెక్కపెట్టండి. అంగడిలో రెండు మూడు పెట్టెలను పక్కపక్కన పెట్టించి, అదే మెట్టుతో, అన్నిటిలోనూ ఒకే గుబ్బను తెరిచి ఈ పరీక్ష చేస్తే భేదం దానంతట అదే తెలుస్తుంది. గాలి నిలవని పెట్టెకు ఎడమచేయి ఎడతెరిపి లేకుండా పనిచేయవలసి వస్తుంది. పది నిమిషాలలో అలసిపోయిన పిల్లవాని ధ్యాస పాట మీద నిలవదు.

ఇక రీడ్ల సంగతి. ఒక మెట్టుకు ఒకే రీడు ఉన్న పెట్టెలూ, రెండు, మూడు రీడ్లు ఉన్నవీ దొరుకుతాయి. రెండు వరుసల పెట్టెలో సాధారణంగా ఒకటి మంద్రంగా పలికే బేస్ వరుస, రెండవది దానికి ఒక స్థాయి పైన పలికే మేల్ వరుస. కొత్తగా నేర్చుకొనేవారికి ఈ రెండు వరుసలు చాలు. సొమ్ము చాలకపోతే మంచి ఒంటి వరుస పెట్టె నాసిరకపు రెండు వరుసల పెట్టె కంటె మేలు. గుబ్బల సాయంతో ఒక్కొక్క వరుసను విడిగా పలికించి, మొదటి మెట్టు నుండి చివరి మెట్టు వరకు తొందరపడకుండా వినండి. తిత్తిని మెల్లగా ఆడించినప్పుడు కూడా ప్రతి స్వరమూ తడబడకుండా మొదలు కావలె. ఏదో ఒకటి ఆలస్యంగా పలికినా, బొంగురుపోయినా, పక్కనున్న వాటికంటె మరీ బిగ్గరగా ఉన్నా గుర్తుపెట్టుకొండి. అనంతరం ఒక స్వరాన్నీ దాని పై స్థాయి స్వరాన్నీ కలిపి నొక్కండి. శ్రుతి కలిస్తే రెండూ ఒకటై వినిపిస్తాయి. కలియకపోతే నాదంలో అలలు లేచినట్టు ఉంటుంది. సంగీతం తెలియని చెవికి కూడా ఆ అలలు పట్టుబడతాయి. నేడు చేతి ఫోనులోనే శ్రుతిని కొలిచే సాధనాలు దొరుకుతున్నవి గనుక, వాటి సాక్ష్యం కూడా తీసుకొనవచ్చు.

శ్రుతి కొద్దిగా తప్పినంత మాత్రాన పెట్టెను తోసిపుచ్చనక్కరలేదు. నాలుక కొసను అతి సూక్ష్మంగా ఆకురాయితో రాస్తే స్వరం హెచ్చుతుంది. చీల దగ్గర రాస్తే తగ్గుతుంది. కాని ఇది నేర్పరి చేయవలసిన పని. ఇత్తడిని రాయడమే గాని తిరిగి అతికించడం ఉండదు. కొనే సొమ్ములో కొంత భాగాన్ని మొదటి ఏడాది శ్రుతి చేయించడానికి కేటాయించుకొంటే వివేకం.

వెల పెంచే హంగులలో మూడింటిని గురించి చెప్పవలె. మెట్ల వరుసను పక్కకు జరిపి శ్రుతిని మార్చే స్కేల్ ఛేంజర్ మొదటిది. ఒక మెట్టు నొక్కితే దాని పై స్థాయి గాని క్రింది స్థాయి గాని మెట్టు కూడా దిగే కప్లర్ రెండవది. మూడవ రీడు వరుస మూడవది. అనుభవజ్ఞుల చేతిలో ఇవి ఉపయోగపడేవే. కాని చౌక పెట్టెలో ఇవన్నీ చేర్చినారంటే ఆ మేరకు ఎక్కడో కోత పడి ఉంటుంది. ఆ కోత పడేది తరచుగా రీడ్ల మీదనూ తిత్తి మీదనే. పైగా కదిలే భాగాలు హెచ్చిన కొద్దీ చెడే చోట్లూ హెచ్చుతాయి. కప్లర్ వేస్తే మెట్టు బరువై చిన్న వేళ్ళు నొప్పి పుడతాయి. మూడు స్థాయిలు పలికే 37 మెట్ల పెట్టె తొలి సంవత్సరాలకు పుష్కలంగా సరిపోతుంది.

స్కేల్ ఛేంజర్ లేకపోతే శ్రుతి మార్చుకొనడం ఎట్లాగన్న సందేహం రావచ్చు. మన వాడుకలో పురుషుల గాత్రానికి 1 మొదలు 2 వరకు, స్త్రీల గాత్రానికి 5 మొదలు 6 వరకు గల శ్రుతులు సాధారణం. పెట్టె కొనడానికి ముందే గురువుగారిని అడిగి, పిల్లల గొంతుకు తగిన శ్రుతిని నిర్ణయించుకొని, ఆ మెట్టునే షడ్జంగా భావించి వేళ్ళకు అలవాటు చేయవలె. మగపిల్లలకు యౌవనారంభంలో గొంతు మారి శ్రుతి దిగుతుంది. అప్పుడు మరొక మెట్టు నుండి మళ్ళీ అలవాటు చేసుకొనడం కొంత శ్రమే అయినా, స్వరాల మధ్య ఎడమేమిటో అర్థమయ్యేది ఆ శ్రమలోనే.

పాత పెట్టెలు చౌకగా దొరికినప్పుడు వాటిని కాదనవద్దు. చక్కగా ఎండిన పాత చెక్క ఒక్కొక్కసారి కొత్త చెక్కకంటె నమ్మదగినది. అయితే పై పలక తెరిపించి లోపల చూడండి. ఎలుకలు కొట్టిన తోలు, పురుగు తిన్న గుడ్డ, మడతల దగ్గర చిరిగిన తిత్తి బాగుచేయించుకొనదగినవే. చిలుము పట్టి కొరుక్కుపోయిన రీడ్లు వరుసంతా ఉంటే మాత్రం వదలివేయండి. విదేశపు రీడ్లు అని చెప్పినంతనే వెల పెంచి ఇవ్వవద్దు. పేరు పలకదు, రీడు పలుకుతుంది. వీలైతే మరమ్మతు తెలిసిన వారినొకరిని వెంట తీసుకొని పోవడం మంచిది.

ఎంత మంచి పెట్టె అయినా దాని హద్దు దానికి ఉన్నది. హార్మోనియంలో స్థాయిని పన్నెండు సమభాగాలు చేస్తారు. అందుచేత దానిలోని అంతర గాంధారం తంబురా నాదంలో సహజంగా వినవచ్చే గాంధారం కంటె హెచ్చుగా ఉంటుంది. ఒక అర్ధస్వరాన్ని నూరు భాగాలు చేస్తే ఆ హెచ్చు దాదాపు 14 భాగాలు. పైగా ఒక మెట్టు నుండి మరొక మెట్టుకు దుమకడమే గాని జారడం లేదు గనుక గమకం దీనికి లొంగదు. ఈ కారణాలను చూపియే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని తన ప్రసారాల నుండి బహిష్కరించింది. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. అయినా ఆ మూడు దశాబ్దాలలో కూడా మన పద్యనాటక రంగస్థలం దానిని విడిచిపెట్టలేదు. సురభి నాటకాలలోనూ, హరికథలలోనూ, భజన గోష్ఠులలోనూ అది గాయకునికి అండగా నిలిచింది. పద్యం ఎత్తుకొనే నటునికి శ్రుతిని అందించి, రాగం తీసినప్పుడు వెంట నడచిన వాద్యం అది.

రెండు పక్షాలలోనూ సత్యం ఉన్నది. తొలిపాఠాలవారు దానిని ఇట్లా ఆచరణలో పెట్టవచ్చు: రోజూ మొదటి పావుగంట తంబురాతోనో శ్రుతిపెట్టెతోనో గొంతెత్తి పాడి, ఆ తరువాతనే హార్మోనియం ముందు కూర్చొనవలె. సాధన ముగిసిన వెంటనే తిత్తి మూసి, గుబ్బలు లోపలికి నెట్టి, గుడ్డ కప్పి, తేమ తగలని చోట ఉంచవలె. గొంతు ముందు నడిచి పెట్టె దాని వెంట వచ్చినంత కాలం సామాన్యమైన హార్మోనియం కూడా మంచి తోడుగా ఉంటుంది. పెట్టె ముందు నడిచి గొంతు దాని వెంట పోతే, ఎంత వెల పెట్టి కొన్నదైనా చెవికి బరువే అవుతుంది.