బీమా పత్రం ఫోనులోనా, కారులోనా?

వింజమూరు నుంచి నెల్లూరికో, తిరుపతికో కారులో కుటుంబంతో బయలుదేరేవారి హడావిడి చూడవలసిందే. మంచినీళ్ల సీసాలు సర్దేవారొకరు, పులిహోర డబ్బా మరిచామని లోపలికి పరుగెత్తేవారొకరు, తాళం కప్ప మరొక్కసారి లాగి చూసేవారు ఇంకొకరు. ఇంత సందడిలోనూ కారు ఇన్సూరెన్సు సంగతి అడిగేవారు అరుదు. ఎవరైనా అడిగినా, "ఫోనులో వుందిలే" అన్న జవాబుతో ఆ మాట అక్కడే ముగిసిపోతుంది.

ఫోనులో వుంటే చాలునా? చట్టం ప్రకారం చాలును. కాని అది ఎవరి ఫోను, అందులో వున్నది ఏ రూపంలో వున్నది, ఆ సమయానికి కారు నడుపుతున్నది ఎవరు అన్న ప్రశ్నలు మాత్రం మిగిలే వున్నవి.

మోటారు బండి తగిలి దెబ్బతిన్న మూడో మనిషికి పరిహారం దక్కాలనే బీమాను నిర్బంధం చేశారు. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోని ఆ భాగం 1946 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. ఇప్పటి 1988 చట్టంలో 146వ సెక్షను అదే మాట చెబుతున్నది. 2019లో సవరించిన తర్వాత, బీమా లేని బండి నడిపితే మొదటిసారి 2,000 రూపాయలు, మళ్లీ పట్టుబడితే 4,000 రూపాయలు జరిమానా. మూడు నెలల దాకా జైలు శిక్ష కూడా పడవచ్చు.

బీమా అసలే లేకపోవటం వేరు, వుండి కూడా పత్రం చూపలేకపోవటం వేరు. పత్రం వెంట లేనివారు ధృవీకరించిన నకలును 15 రోజులలోగా రిజిస్టరు పోస్టులో పంపుకోవచ్చునని 1989 నాటి నిబంధనల్లోనే వెసులుబాటు కల్పించారు. 2018 ఆగస్టులో కేంద్ర రవాణా శాఖ మరొక అడుగు వేసి, డిజిలాకర్, ఎం-పరివాహన్‌లలో చూపే పత్రాలను అసలు పత్రాలతో సమానంగా అంగీకరించాలని రాష్ట్రాలకు తెలియజేసింది. అదే సంవత్సరం నిబంధనలను కూడా సవరించారు. యంత్రంలో సరిచూసుకున్న పత్రాన్ని మళ్లీ కాగితం మీద చూపమని అడగరాదన్న నియమం 2020 అక్టోబరు 1 నుంచి వచ్చింది.

బీమా కంపెనీలు ఇచ్చే వివరాలు ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో ద్వారా ప్రభుత్వం వారి 'వాహన్' పట్టికకు చేరుతాయి. బ్రేకు ఇన్‌స్పెక్టరు కారు నంబరు కొడితే బీమా గడువు ఎప్పటిదాకా వున్నదో ఆయనకే తెలుస్తుంది. ఫ్రాన్సు దేశంలోనైతే కారు అద్దానికి అంటించుకునే పచ్చ చీటీని 2024 ఏప్రిల్ 1 నుంచి తీసివేసి, పూర్తిగా ఇటువంటి పట్టిక మీదనే ఆధారపడుతున్నారు.

అయితే కాగితాన్ని పొయ్యిలో పెట్టవచ్చునా? తొందరపడకండి. కాగితం కారు వెంట వుంటుంది, ఫోను మనిషి వెంట వుంటుంది. నాన్నగారి డిజిలాకర్‌లోని పత్రం నాన్నగారితో పాటు ఇంట్లోనే వుండిపోతుంది. కారు మాత్రం కొడుకు చేతిలో ఆత్మకూరు రోడ్డున పోతూ వుంటుంది. కాగితాన్ని ఫోటో తీసి పెట్టుకున్నంత మాత్రాన అది డిజిలాకర్ పత్రంతో సమానం కాదు. ఉదయగిరి కొండల చాటున సిగ్నలు అందకపోయినా, ఛార్జింగు అయిపోయినా ఫోను వుండీ లేనట్టే. నిన్న కట్టిన ప్రీమియం వివరం ఇవాళే పట్టికకు ఎక్కకపోనూవచ్చు.

ఇంతకంటె పెద్ద సంగతి మరొకటి వున్నది. పత్రం అవసరం జరిమానా తప్పించుకోవటానికే అనుకుంటాం. కూలి పనికి సైకిలు మీద పోతున్న మనిషిని మన కారు గుద్దిందనుకోండి. అతని భార్యాబిడ్డలు ట్రిబ్యునలులో పరిహారం కోరాలంటే బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు కావాలి. కారు యజమాని కూడా ఆస్పత్రి పాలై, ఆయన ఫోను తెరిచే గుర్తు ఎవరికీ తెలియకపోతే? అప్పుడు డ్యాష్‌బోర్డు అరలోని ఒక్క కాగితం రెండు కుటుంబాలకూ దారి చూపుతుంది. గడువు తీరిన పాలసీ అయితే కాగితమూ ఆదుకోదు, ఫోనూ ఆదుకోదు. పరిహారం యజమాని స్వంత ఆస్తి నుంచే చెల్లించవలసి వస్తుంది. ఆయనకు ఇచ్చుకునే స్తోమతు లేకపోతే నష్టపోయేది ఆ కూలి కుటుంబమే.

గడువు చూడటంలోనూ పొరపాటుకు అవకాశం వున్నది. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడో మనిషి బీమా మూడేళ్లకు కలిపి తీసుకోవాలి. మన కారుకు కలిగే నష్టానికి చేసే బీమా ఒక్క సంవత్సరానిదే కావచ్చు. పత్రంలో రెండు తేదీలు కనిపిస్తే రెండూ చదవాలి.

కాబట్టి ఇంటిల్లిపాదీ చేయదగిన పనులు ఇవి. డిజిలాకర్‌లోకి పాలసీ తెప్పించుకుని, ప్రయాణానికి ముందే ఒకసారి తెరిచి చూడండి. ఒక ప్రతి అచ్చు తీయించి కారులో పెట్టండి. కారు నడిపే ప్రతివారికీ అది ఎక్కడ వున్నదో చెప్పండి. గడువు తేదీని గోడమీది క్యాలెండరులో ఎర్రసిరాతో గుర్తు పెట్టండి. పాల లెక్క, గ్యాసు సిలిండరు వచ్చిన తేదీ రాసుకునే చోటనే అదీ వుంటే, మరిచిపోయే ప్రసక్తి వుండదు.