కన్ను తీసేసిన కెమెరా

ఆస్కార్ బార్నాక్‌కి ఉబ్బసం. జర్మనీ అడవి కొండల్లో తిరుగుతూ ఫొటోలు తీయడం ఆయన సరదా. కానీ ఆ రోజుల్లో ఫొటో అంటే పెద్ద పెట్టె, గాజు పలకలు, ట్రైపాడ్ అన్నీ మోసుకెళ్లాలి. నాలుగడుగులు ఎగువకి వేస్తే ఆయాసం. 1911లో వెట్జ్‌లార్ ఊళ్లో మైక్రోస్కోపులు చేసే లైట్జ్ కంపెనీలో చేరాక, సినిమా కెమెరాలో నిలువుగా దిగే రీలును అడ్డంగా నడిపించే చిన్న పెట్టె ఒకటి చేసుకున్నాడు. సినిమా ఫ్రేము 18×24 మిల్లీమీటర్లు. రెండు ఫ్రేములు పక్కపక్కన పెడితే 24×36. మధ్యలో యుద్ధం వచ్చిపడి, 1925లో లైప్‌జిగ్ సంతలో గానీ అది లైకా పేరుతో జనం ముందుకు రాలేదు.

ఇవాళ మనం ‘ఫుల్‌ఫ్రేమ్’ అని గొప్పగా చెప్పుకునే కొలత ఇదే. తమాషా ఏమిటంటే జర్మన్లు దీన్ని ‘చిన్న బొమ్మ’ అనేవాళ్లు. అంతకంటే చిన్న సెన్సర్లు వచ్చాక గానీ దీనికి పెద్దరికం దక్కలేదు.

బార్నాక్ వదులుకున్నది ఒక్కటే, బొమ్మ సైజు. ఆ తర్వాత అదే కొలతతో చేయాలనుకున్నవాళ్లకి ఆ సైజు ఇంకా తగ్గించే వీల్లేదు. పెట్టెను మాత్రం కుదించాలి. 1966లో హైంజ్ వాస్కే రూపొందించిన రోలై 35 లో లెన్స్ తాబేలు తలలా లోపలికి ముడుచుకుంటుంది. ఫ్లాష్ తగిలించే చోటు పైన మిగల్లేదని కెమెరా అడుగున పెట్టారు! మనిషి ఎంత దూరంలో నిలబడ్డాడో కంటితో అంచనా వేసి లెన్స్ తిప్పుకోవాలి. ఇబ్బందే, కానీ ఫ్లాష్‌కి చోటుంది, కన్ను ఆనించి చూసే కిటికీ ఉంది. 1979లో ఒలింపస్‌లో మైతానీ యోషిహిసా చేసిన ఎక్స్‌ఏ ఇంకా ముందుకెళ్లింది. 225 గ్రాములు, చొక్కా జేబులో పడుతుంది. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ కూడా అందులోనే.

మరి 2024 మే నెలలో పానసోనిక్ ప్రకటించిన లూమిక్స్ ఎస్9 కెమెరాని చూసి నాలాంటివాళ్లు ఎందుకు నిట్టూర్చారు?

ముందు కంపెనీ తరఫున ఒక మాట. ఫిల్మ్‌కి ఉన్న వెసులుబాటు సెన్సర్‌కి లేదు. ఫిల్మ్ కాగితమంత పలచన. కాంతి ఏటవాలుగా వచ్చి పడినా పెద్దగా పట్టించుకోదు. అందుకే లెన్స్‌ను దాదాపు ఫిల్మ్‌కి ఆనించేయొచ్చు. సెన్సర్ మీది గుంటల్లోకి కాంతి వీలైనంత నిటారుగా దిగాలి, లేకపోతే అంచులు మసకబారతాయి. సెన్సర్ ముందు గాజు పొర, చుట్టూ చేతి వణుకును సర్దే యంత్రం, వెనక వేడి లాగే ఏర్పాటు, ఆ వెనక తెర. ఇన్ని పొరలు దొంతరగా పేర్చాక పెట్టె పలచబడాలంటే ఎలా?

అయినా ఎస్9 బ్యాటరీతో, కార్డుతో కలిపి 486 గ్రాములే. 24.2 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్, దాన్ని కదిపి వణుకు ఆపే యంత్రం రెండూ లోపలే ఉన్నాయి. నిజంగా మెచ్చుకోవాల్సిన పనితనం. బరువు ఎక్కడ దించారన్నదే పేచీ. కన్ను ఆనించి చూసే కిటికీని, అంటే వ్యూఫైండర్‌ని, తీసేశారు. లోహపు తెరలతో నడిచే షట్టర్ తీసేశారు. పైన ఫ్లాష్ గాడి ఉంది గానీ అందులో విద్యుత్ కనెక్షన్ లేదు. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టు.

షట్టర్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. లోహపు తెర ఫ్రేము మీదుగా సెకనులో సుమారు 250వ వంతులో దాటిపోతుంది. అది లేనప్పుడు సెన్సర్ తనే వరసవరసగా కాంతిని చదువుకోవాలి. ఈ తరగతి సెన్సర్లకి పై వరస నుంచి కింది వరస దాకా చదవడానికి సుమారు సెకనులో 50వ వంతు పడుతుంది. నిమిషానికి 300 చుట్లు తిరిగే మన ఇంటి సీలింగ్ ఫ్యాన్ ఆ కాస్త వ్యవధిలో 36 డిగ్రీలు జరిగిపోతుంది. షట్టర్ వేగం ఎంత పెంచినా సరే, రెక్క అరటికాయలా వంగి కనిపిస్తుంది. మన కరెంటు మీద నడిచే నాసిరకం ఎల్ఈడీ దీపాలు సెకనుకి వందసార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, ఫొటోలో మాత్రం చారలు పడతాయి.

ఫ్లాష్ గొడవ కూడా దీంతో ముడిపడిందే. ఫ్లాష్ ఒక్క మెరుపు. ఆ క్షణంలో అన్ని వరసలూ ఒకేసారి కళ్లు తెరిచి ఉండాలి. చదవడం నెమ్మదైతే షట్టర్ వేగం బాగా తగ్గించుకోవాల్సిందే. తలంబ్రాల వేళ మన పెళ్లి ఫొటోగ్రాఫర్‌కి ఈ కెమెరా ఇస్తే ఏమంటాడో నేను రాయను. కానీ లోహపు షట్టర్ లేకుండా ఫ్లాష్ వాడటం అసాధ్యమేమీ కాదు. 2019లో సిగ్మా తెచ్చిన ఎఫ్‌పీ లోనూ లోహపు షట్టర్ లేదు. అయినా విడిగా తగిలించే ఫ్లాష్ గాడి ఇచ్చారు, సెకనులో 30వ వంతు లాంటి నెమ్మది వేగాలతో సర్దుకోమన్నారు. వెనక తెరకి బిగించే వ్యూఫైండర్ కూడా అమ్మారు. 2012లో సోనీ తెచ్చిన ఆర్‌ఎక్స్1 కీ ఈ కన్ను లేదు. మూడేళ్లకి వచ్చిన రెండో తరం దానికి నొక్కితే పైకి లేచే కన్ను పెట్టారు.

లెన్స్ దగ్గరికొస్తే ఇంకో విడ్డూరం. పెట్టె తగ్గినా, ఫుల్‌ఫ్రేమ్ కొలతని నింపే లెన్స్ తగ్గదు. చిన్నదిగా కనబడాలని ఎస్9 తో పాటు 58 గ్రాముల 26 మిల్లీమీటర్ల లెన్స్ ఒకటి విడుదల చేశారు. దాని రంధ్రం ఎఫ్/8 దగ్గరే స్థిరం, ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. ఎఫ్/2 లెన్స్‌తో పోలిస్తే లోపలికొచ్చే కాంతి పదహారో వంతు. చీకట్లోనూ బాగా చూస్తుందని కదా పెద్ద సెన్సర్‌కి అంత డబ్బు పోసేది! దాని ముందు ఇలాంటి సన్న రంధ్రం పెడితే, కొన్న లాభమంతా ఆ రంధ్రం దగ్గరే ఆగిపోతుంది. అదే ఏడాది అక్టోబరులో 155 గ్రాముల చిన్న జూమ్ వచ్చింది. అది మొదటి రోజే రావాల్సింది.

ఈ కెమెరా ఎవరికోసమో తెలియనిది కాదు. ఫోన్ నుంచి పైమెట్టు ఎక్కుదామనుకునే వీడియో పిల్లల కోసం. రంగుల తీరు మార్చుకోవడానికి ప్రత్యేకంగా ఒక బటన్ ఉంది, సరదాగానే ఉంటుంది. కానీ వచ్చిన కొత్తలో 4కే వీడియోకి 15 నిమిషాలు, 6కే కి 10 నిమిషాలు గడువు పెట్టి వాళ్లనీ ఉసూరుమనిపించారు. పైగా జపాన్‌లో కంపెనీ సొంత పేజీలో పెట్టిన ఫొటోలు కొన్ని బయట కొన్నవనీ, వేరే కెమెరాతో తీసినవనీ బయటపడి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. విడుదలప్పుడు 1,499 డాలర్లు పెట్టినవాడికి అదేం ముచ్చట?

వ్యూఫైండర్ అలంకారం కాదు. కెమెరాని ముఖానికి ఆనించుకుంటే రెండు చేతులూ నుదురూ కలిసి మూడు కాళ్ల పీటలా బిగుస్తాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎస్9 పట్టుకున్నవాడు ఏం చేస్తాడో ఊహించుకోండి. కెమెరాని ముందుకు చాచి, తెర మీద ఏం కనబడుతోందో తెలియక రెండో అరచెయ్యి దానికి గొడుగు పడతాడు. ఆ చెయ్యి లెన్స్ కింద ఉండాల్సింది.