వడ్లు మనకు, గడ్డి బర్రెకు

"తాతా, బియ్యం చెట్టేది?" హసన్‌పర్తి పొలాలు చూడవచ్చిన పట్నం పిల్లలు నన్నడిగే మొదటి ప్రశ్న ఇదే.

వరి చెట్టు కాదు నాయనా, గడ్డిజాతి మొక్క. మొలకకట్టిన వడ్లు మడిలో చల్లితే నెల తిరిగేసరికి నారు సిద్ధం. దాన్ని పీకి బురదమడిలో నాటుతారు. రకాన్నిబట్టి మొత్తం నాలుగు నెలలకు అటూ ఇటూగా కోతకు వస్తుంది. గింజలు మనకు, గడ్డి బర్రెకు. (కోస్తావారు గేదె అంటారు.)

బర్రెకు పైదవడలో ముందుపళ్లు లేవు. అందుకే గడ్డిని నాలుకతో చుట్టి లాక్కుని గబగబా మింగుతుంది. తర్వాత తీరిగ్గా పడుకుని నోట్లోకి తెచ్చుకుని నెమరువేస్తుంది. కడుపులో నాలుగు అరలు. మొదటి పెద్ద అరలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడతాయి. మనకు అరగని గడ్డి అలా పాలవుతుంది! పేడ పెంటకుప్పలో మాగి, వేసవిలో తిరిగి పొలానికే చేరుతుంది.

ఇప్పుడు కోతయంత్రాలు వచ్చాయి. కూలీలు దొరకని రోజులు, రైతును తప్పుపట్టలేను. కాని యంత్రం కోసిన గడ్డి నలిగి పొలంలోనే పడిపోతుంది. ఏరి కట్టలు కట్టించాలంటే మళ్లీ ఖర్చు. తర్వాతి పంటకు తొందరపడి కొందరు దానికి అగ్గిపెడతారు. పొగ ఊరిమీదికి వస్తుంది. వేసవిలో వాళ్లే బర్రెకు గడ్డి కొనుక్కుంటారు.