సింధు జలాల పంపకంలో మూడో పక్షం

వాదనలు విని తీర్పు చెప్పే వ్యక్తినీ, తీర్పు చెప్పే అధికారం లేకుండానే ఇరుపక్షాలను ఒప్పందానికి తెచ్చే వ్యక్తినీ తెలుగులో ‘మధ్యవర్తి’ అనే ఒకే మాటతో పిలవడం వల్ల రెండో పాత్ర విశిష్టత తరచుగా మరుగున పడుతోంది. ఆజ్ఞాపించే శక్తి లేని ఆ మధ్యవర్తికి ఇరుపక్షాల నమ్మకమే ఆధారమన్న సంగతి, 1952 నుంచి 1960 వరకు సాగిన సింధు జలాల చర్చల్లో ప్రపంచ బ్యాంకు పాత్రను గమనిస్తే స్పష్టమవుతుంది.

దేశ విభజనతో కొన్ని కాలువల హెడ్‌వర్క్స్, అంటే నదీజలాలను కాలువలకు మళ్లించే కట్టడాలు, భారత్‌లోను, వాటి ఆయకట్టు పాకిస్తాన్‌లోను ఉండిపోగా, 1948 ఏప్రిల్ 1న భారత్‌లోని తూర్పు పంజాబు ప్రభుత్వం నీటిని నిలిపివేయడంతో వివాదం ముదిరింది. నదీవ్యవస్థ మొత్తాన్ని ఉభయదేశాలు కలిసి అభివృద్ధి చేసుకోవాలని అమెరికన్ నిపుణుడు డేవిడ్ లిలియంతాల్ 1951లో ఒక వ్యాసంలో సూచించగా, బ్యాంకు అధ్యక్షుడు యూజీన్ బ్లాక్ దాన్ని అందిపుచ్చుకొని, రాజకీయాలను పక్కనపెట్టి ఇంజినీర్లతో చర్చలు మొదలుపెట్టడానికి రెండు ప్రభుత్వాలనూ ఒప్పించారు.

ఇంజినీర్ల ప్రణాళికలు కూడా పొసగకపోవడంతో, 1954 ఫిబ్రవరిలో బ్యాంకు సొంత ప్రతిపాదనను ముందుంచింది: తూర్పు నదులైన రావి, బియాస్, సట్లెజ్ భారత్‌కు, పడమటి నదులైన సింధు, జీలం, చీనాబ్ ప్రధానంగా పాకిస్తాన్‌కు. ఉమ్మడి నిర్వహణ అనే ఆదర్శాన్ని విడిచిపెట్టడం వెనకడుగులా కనిపించినా, పరస్పర విశ్వాసం లేని పొరుగువారికి నిత్యం కలిసి పనిచేయవలసిన అవసరాన్ని తగ్గించే ఏర్పాటే ఆచరణయోగ్యమని గుర్తించడం నిజమైన వివేకం. నిష్పాక్షికత అంటే అభిప్రాయం లేకపోవడం కాదు. ఆ అభిప్రాయాన్ని తిరస్కరించే స్వేచ్ఛను ఇరుపక్షాలకూ మిగల్చడం.

తూర్పు నదులను వదులుకునే పాకిస్తాన్‌కు పడమటి నీటిని తెచ్చే అనుసంధాన కాలువల ఖర్చు ఎవరు భరించాలన్నదే అసలు చిక్కుముడి కాగా, బ్యాంకు పలు దేశాలను కూడగట్టి సుమారు 90 కోట్ల డాలర్ల నిధిని సమకూర్చింది. అందులోకి భారత్ వాటాగా సుమారు 6.2 కోట్ల పౌండ్లు పదేళ్ల వాయిదాల్లో చెల్లించడానికి అంగీకరించింది. ఆ తరువాతే 1960 సెప్టెంబరు 19న కరాచీలో భారత ప్రధాని నెహ్రూ, పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ సింధు జలాల ఒడంబడికపై సంతకాలు చేశారు. బ్యాంకు తరఫున దాని అధికారి ఇలిఫ్ కొన్ని నిర్దిష్ట అధికరణాల వరకే సంతకం చేశారు.

భవిష్యత్తులో తలెత్తే సాంకేతిక భేదాలను తటస్థ నిపుణుడికి, వివాదాలను ఆర్బిట్రేషన్ కోర్టుకు అప్పగించే ఏర్పాటు ఒడంబడికలోనే ఉంది. 2025 ఏప్రిల్‌లో భారత్ ఒడంబడిక అమలును నిలిపివేసిన తరువాత, తమది సమన్వయకర్త పాత్ర మాత్రమేనని బ్యాంకు అధ్యక్షుడు అజయ్ బంగా స్పష్టం చేశారు.