ఫిడేలు పోటీలో మార్కులు వేసేదెలా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: బాగా వాయించిన విద్యార్థి పేరు విజేతల జాబితాలో లేకపోవడం కళా పోటీల్లో తరచూ కనిపించేదే. చాలాసార్లు లోపం వాదనంలో ఉండదు, నిబంధన పాటించకపోవడంలో ఉంటుంది. వాద్య విభాగానికి పిల్లలను సిద్ధం చేసే తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు నియమాలతోపాటు న్యాయనిర్ణేతలు చూసే అంశాలనూ ముందే తెలుసుకోవడం మేలు.

ఏ జిల్లా తరఫున?

పాఠశాల విద్యార్థుల కోసం కేంద్ర ప్రభుత్వం 2015లో 'కళా ఉత్సవ్'ను ప్రారంభించింది. 9 నుంచి 12వ తరగతి వరకు చదివేవారు ఇందుకు అర్హులు. పాఠశాల, జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిల్లో వడపోత జరుగుతుంది. ఒకప్పుడు ఈ మూడు పట్టణాలూ నల్గొండ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న సూర్యాపేట కొత్త జిల్లాగా ఏర్పడింది. కోదాడ అందులో చేరగా, మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. ఎంపిక పాఠశాల నుంచే మొదలవుతుంది గనుక విద్యార్థి ఇల్లు ఎక్కడ ఉన్నదన్నది కాక, చదివే బడి ఏ జిల్లాలో ఉన్నదన్నదే చూసుకోవాలి.

సినిమా పాటకు చోటు లేదు

శాస్త్రీయ లేదా సంప్రదాయ జానపద బాణీలనే వాయించాలి. సినిమా పాటలను, ఎలక్ట్రానిక్ వాద్యాలను అనుమతించరు. ఇటీవలి నియమావళుల్లో వ్యక్తిగత ప్రదర్శనకు 4 నుంచి 6 నిమిషాల వ్యవధి ఇచ్చారు. ఇంత తక్కువ సమయంలో సుదీర్ఘ ఆలాపనకు వీలుండదు. నిమిషంపాటు రాగచ్ఛాయ చూపి, చిన్న కృతిని అందుకొని, చివర రెండు మూడు ఆవర్తాల స్వరకల్పనతో ముగించడం ఉత్తమం. గడియారం పెట్టుకొని సాధన చేయించాలి. ఎండకు, ఉక్కకు తీగల శ్రుతి మారుతుంది గనుక వేదిక ఎక్కే ముందు మరోసారి సరిచూసుకోవాలి.

చెవికే తొలి పరీక్ష

ఫిడేలుకు వీణకున్నట్లు మెట్లు ఉండవు. వేలు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. అందుకే శ్రుతిశుద్ధి, స్వరస్థానాలు మొదట పరిశీలనకు వస్తాయి. తర్వాత లయ. ఆపై కమాను: నాదం గీరుకుపోకుండా, మధ్యలో తెగకుండా నిలకడగా పలకాలి. గమకాలు, రాగభావం, కృతి నడక తరువాతి అంశాలు. వేగం ఒక్కటే ప్రతిభ కాదు. 'ఫిడేలు నాయుడు'గా పేరొందిన ద్వారం వెంకటస్వామినాయుడు (1893-1964) వాదనాన్ని నేటికీ రసికులు తలచుకునేది నాదమాధుర్యానికే.

కిన్నెరకు వేరే కొలత

జానపద తంత్రీవాద్యాల విషయంలోనే అసలు చిక్కు. ఆదిలాబాద్ ప్రాంతంలో పర్ధాన్లు, తోటీలు వాయించే కీక్రి ఫిడేలువలె కమానుతో పలికేదే. కిన్నెర అలా కాదు. సొరకాయ బుర్రలతో, మెట్లతో కూడిన ఆ వాద్యాన్ని వేళ్లతో మీటుతారు. పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. ఇటువంటి వాద్యాన్ని కర్ణాటక సంగీత గమకాల కొలతతో తూస్తే అన్యాయమే. సంప్రదాయ బాణీ, దరువు, కథకు తగిన నడక చూడాలి. కనుక న్యాయనిర్ణేతల్లో జానపద సంగీతం తెలిసినవారు ఒక్కరైనా ఉండటం అవసరం.

ముందే చెబితే వివాదం ఉండదు

ఒక్కో న్యాయనిర్ణేత ఇతరులతో చర్చించకముందే మార్కులు వేయాలి. తన శిష్యులు, బంధువులు బరిలో ఉంటే తప్పుకోవాలి. మార్కులు సమానమైతే ఏ అంశాన్ని ప్రామాణికంగా తీసుకుంటారో నిర్వాహకులు పోటీకి ముందే ప్రకటించాలి. ఫలితం వెలువడ్డాక చెప్పే నియమాన్ని ఓడినవారు నమ్మరు.

విభాగాలు, నిబంధనలు ఏటా మారే వీలుంది. పాత సర్క్యులర్‌పై ఆధారపడక, ఆ ఏడాది ఉత్తర్వును ప్రధానోపాధ్యాయుల వద్ద గాని, జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయంలో గాని చూసుకున్నాకే పాటను ఎంచుకోవాలి. పిల్లల నెలల సాధన ఒక్క నిబంధన దగ్గర వృథా కారాదు.