బండిమెట్టు హద్దురాళ్లు

మోటారుబండి నెక్కుటకు కాలు మోపెడి పలకను గూర్చి ఈ పుటలో వ్రాయుట యేమని పాఠకులు కొందఱు మమ్ము ఆక్షేపింపవచ్చును. దేశమున ఇంతకంటె పెద్ద సమస్యలు లేవా యని అడుగవచ్చును. ఉన్నవి. కాని ఒక వస్తువు ఎవరిది, ఎంతవఱకు వానిది, ఆ హద్దును నిర్ణయించువా డెవడు అనునది చిన్న ప్రశ్న కాదు. ప్రక్కచేనివాడు ఏటేట ఒక చాలు లోనికి దున్నుచుండగా చూచి బాధపడిన గృహస్థులకు ఈ సంగతి మేము వేఱుగ చెప్పనక్కఱలేదు.

పూర్వము ఫోర్డు కంపెనీవారి టి మోడలు వంటి కార్లకు ఇరుప్రక్కల, ముందుచక్రపు రెక్కనుండి వెనుకచక్రపు రెక్కవఱకు, పొడవైన పలక యుండెడిది. దొరలు దానిని రన్నింగు బోర్డనిరి. మనవారు కారునకైనను బస్సునకైనను ఫుట్‌బోర్డే యనిరి. 1930, 40 దశకములలో కార్ల దేహములు వెడల్పై ఆ పలకను తమలో కలుపుకొనగా అది క్రమముగా మాయమయ్యెను. పిదప ఎత్తైన జీపులును, పికప్ బండ్లును, నేడు మన పట్టణపు వీధులను నింపుచున్న ఎస్‌యూవీలును వచ్చినవి. పలక మరల అవసరమైనది. చీర కట్టిన ముసలమ్మ యొకతె అట్టి బండి నెక్కుటకు పడు అవస్థ చూచినవారికి ఆ యవసరము విదితమే. అయితే కదలక బిగించిన పలక గతుకులబాటలో రాళ్లకు తగులును, బురదను మోయును, దిగువారి పంచెలకును పిక్కలకును ఆ బురదను పూయును. కావున తలుపు తెఱచినపుడు దిగివచ్చి, మూసినపుడు బండిక్రింద దాగు పలక కావలసివచ్చెను.

ఇట్టి పలకకు అమెరికాలో హోర్‌స్ట్ లైట్నరు అను నాతడు 2003లో పేటెంటు పొందెను. దాని సంఖ్య 6641158. ఆస్ట్రియా దేశస్థుడై, మోటారుసైకిలు పందెములలో పేరుగాంచి, పిదప సైకిలు వెనుకచక్రమునకు కుదుపు నడచు సంధి నొకదానిని కల్పించినవాడు ఈతడే. ఆ సంధిని సైకిలువారు నేటికిని హోర్‌స్ట్ లింకు అనియే పిలుచుచున్నారు. సైకిలు సంధికిని, బండి మెట్టునకును వంశ మొక్కటే: నాలుగు కీళ్ల యమరిక. బండి చట్రమువద్ద రెండు కీళ్లు, పలకవద్ద రెండు కీళ్లు, వాని నడుమ రెండు చేతులు. పలక ఊగుచు క్రిందికి వచ్చినను ఒరిగిపోక బల్లపరుపుగా నుండుటకు ఈ యమరికయే కారణము. చేతులను త్రిప్పుటకు చిన్న విద్యుత్తు మోటారు. మోటారును మేల్కొలుపుటకు బండి తలుపు.

వినుటకు సులభముగానే యున్నది. కాని నూఱు కిలోల మనుష్యుడు ఆ పలకపై నిలిచినపుడు ఏమగును? ఆ భారము మోటారుమీద పడినచో మోటారు నిలువదు. పలక ఒక్కసారిగా లోనికి ముడుచుకొనినచో మనిషి నిలువడు. కావున బయటికి వచ్చిన చేయి తన త్రోవ చివర ఒక గట్టి యడ్డునకు ఆనవలెను. పైనుండి భారము పెరిగినకొలది ఆ యడ్డునకే మఱింత అదుముకొనవలెను. దీనికై ఏ కీలు ఎచ్చట నుండవలెనో వ్రేలెడు తేడా లేకుండ నిర్ణయింపవలసియుండును. పనివాని నేర్పు ఇచ్చటనే గలదు.

అట్టి దరఖాస్తు పేటెంటు పరీక్షకుని బల్లపైకి వచ్చినదనుకొందము. ఆతడు మొదట అడుగు ప్రశ్న: ఇది యంతయు ఒక్కచోట ఇంతకుముందే యున్నదా? లేదని తేలినచో రెండవ ప్రశ్న: ఈ వృత్తి నెఱిగిన సాధారణపు పనివాడు పాతవానిని చూచి తానై దీనిని చేసికొనగలడా? రెండవదే కఠినము. మడతమెట్టు క్రొత్తదా? కాదు, గుఱ్ఱపుబండ్ల కాలమున యూరపు ప్రభువుల కోచిబండ్లకు మడతమెట్లుండెను, బంట్రోతు దిగి వానిని విప్పెడివాడు. మోటారు క్రొత్తదా? కాదు. తలుపు తెఱచుటతో ఒక పని జరుగుట? కారులోని దీపము చిరకాలముగా అట్లే వెలుగుచున్నది. నాలుగు కీళ్ల యమరిక? జేమ్సు వాటు తన ఆవిరియంత్రమున 18వ శతాబ్దిలోనే వాడెను. నాలుగును పాతవే యయినపుడు నాలుగింటి కూర్పు క్రొత్తదెట్లగును?

ఇట్లు ప్రశ్నించి ప్రతిదానిని కొట్టివేయుటయు పరీక్ష కాదు. జవాబు చూచిన పిమ్మట ఏ లెక్కయు కఠినముగా తోపదు. కల్పకుడు ఏండ్లు శ్రమించి కనుగొనినదానిని పరీక్షకుడు ఒక మధ్యాహ్నమున చదివి "ఇందేమున్నది" యనుట న్యాయము కాదు. భారము మోటారుపై పడకుండ కీళ్లను పొందుపఱచుట పాతవస్తువు లేవియు చెప్పని సంగతి యైనచో, దానికి హక్కు ఇయ్యవలసినదే. ఎంతమేరకు ఇయ్యవలెననునదే వివాదము.

పేటెంటు దరఖాస్తు చివర క్లెయిములను వాక్యములుండును. దస్తావేజునకు చెక్కుబందీ యెట్టిదో పేటెంటునకు క్లెయి మట్టిది. చిత్తరువు లెంత విస్తారముగా నున్నను హక్కు ఆ వాక్యముల హద్దులలోపలనే. "మోటారుచే కదలు వాహనపు మెట్టు" అని మాత్రము వ్రాసినవాడు తన పట్టాభూమితోపాటు ఊరి పోరంబోకును కూడ చుట్టుకొన జూచినట్లే. పరీక్షకుడు పాత కాగితములను చూపి త్రోసివేయును. దరఖాస్తుదారు రెండు చేతులను, ఇన్ని కీళ్లను, ఇట్టి యడ్డును చేర్చి హద్దు తగ్గించి మరల వచ్చును. ఇట్లు పోరంబోకును తాకని మేర మిగులువఱకు వ్యవహారము సాగును. అందఱెఱిగిన విద్యయే ఇచ్చట పోరంబోకు. అది గ్రామకంఠమువలె అందఱిది గాని ఒకనిది కాదు. పరీక్షకుడు దానికి కావలివాడు.

కావలివాడు ఎంత బుద్ధిమంతుడైనను తనకు కనబడినదానినే కాచును. దీనికి అమెరికాలోనే రెండు నిదర్శనములు గలవు. ఒకటి నాగలి, ఒకటి బండిలో కాలితో త్రొక్కు పెడలు.

రాళ్లనేలలో దున్నునపుడు నాగలి విఱుగక రాతిపైకి లేచి మరల దిగునట్లు గ్రాహమను నాతడు ఒక బిగింపును కల్పించెను. దానికే ఒక మార్పు చేసి 1953లో రెండవ పేటెంటు పొందెను. మార్పేమనగా, ముందు కీలుపలకకు పైన నున్న నాగలికాడను పిదప క్రింద నుంచెను. జాన్ డీర్ కంపెనీతో వ్యాజ్యము నడచి, 1966లో అచ్చటి సుప్రీంకోర్టు ఆ పేటెంటు చెల్లదనెను. పైది క్రిందికి మార్చుట ఆ వృత్తివారికి తోచునదే యనియు, అట్టి భాగము లన్నియు గల మఱియొక బిగింపు ముందే యున్నదనియు తేల్చిరి. ఆ బిగింపు పేటెంటు కార్యాలయమువారి పరిశీలనకు రానేలేదు.

పెడలు కథ మఱింత చిత్రము. నడుపువాని పొడవును బట్టి ముందు వెనుకలకు జరుగు పెడలునకు విద్యుత్తు సెన్సారును జోడించి ఎంగెల్‌గౌ అను నాతడు 2001లో పేటెంటు పొందెను. పరీక్షకుడు నిద్రించెనని ఎవ్వరును అనజాలరు. మొదట విశాలముగా వ్రాసిన క్లెయిమును ఆతడు రెండు పాత పేటెంట్లను కలిపి చూపి త్రోసివేసెను. అప్పుడు దరఖాస్తుదారు "పెడలు ఎటు జరిపినను దాని ఇరుసు కదలదు" అను మాటను చేర్చెను. ఆ పాత కాగితములలో కదలని ఇరుసు లేదు గాన పేటెంటు మంజూరయ్యెను. కాని కదలని ఇరుసుగల పెడలు అసానో యను నాతని పేర 1991నాటి పేటెంటులోనే యున్నది! అది పరీక్షకుని బల్లపైకి రాలేదు. ఆ పేటెంటు చేతబట్టుకొని టెలిఫ్లెక్సు కంపెనీవారు కెనడాకు చెందిన కె.ఎస్.ఆర్. అను పోటీదారుపై 2002లో వ్యాజ్యము వేసిరి. క్రిందికోర్టు చెల్లదనెను, పైకోర్టు అట్లు కాదనెను, తుదకు 2007 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు న్యాయమూర్తు లందఱు ఏకాభిప్రాయముతో ఆ క్లెయిము చెల్లదనిరి. పనివాడనగా కీ ఇచ్చిన బొమ్మ కాదు, వానికిని కొంత ఊహ యుండునని తీర్పు వ్రాసిన కెన్నెడీ గారి భావము. ఒక్క కాగితము కనబడకపోవుట వలన అయిదేండ్ల వ్యాజ్యము. అంత వ్యయమును ఓర్వగలది పెద్ద కంపెనీయే.

మన దేశమునకు వత్తము. 1856లో ఇచ్చట మొదటి చట్టము వచ్చినపుడు కలకత్తాలో మొట్టమొదటి దరఖాస్తు పెట్టినవాడు డిపెన్నింగను దొర. వస్తువు పంకా లాగు యంత్రము. ఎండకాలమున దొరల బంగాళాలలో త్రాడు పట్టుకొని కూర్చుండు కూలీని గూర్చి ఆ దరఖాస్తు ఏమియు తలపదు, అది దాని పని కాదు. నేడు అమలునందున్నది 1970నాటి చట్టము. తెలిసిన వస్తువులను ప్రక్కప్రక్కన చేర్చి, ఏదానిపని అది తెలిసినట్లే చేయుచుండినచో అది కల్పన కాదని దాని 3వ సెక్షను చెప్పుచున్నది. మన ముడుచుమెట్టు ఈ మాటకు లొంగకపోవచ్చును; దాని మోటారు, చేతులు, అడ్డు ఒకదానిపై నొకటి ఆధారపడి పనిచేయుచున్నవి గదా.

మన సుప్రీంకోర్టు సైతము 1978లో ఇట్టి వివాదమునే తీర్చినది. మీర్జాపూరు ఇత్తడిపాత్రల వర్తకులలో ఒకరు, లేతు యంత్రముపై పాత్ర తిరుగునపుడు ఎగిరి పనివానికి తగులకుండ వెనుకనుండి మొనగల కమ్మీతో ఒత్తిపట్టు ఉపాయమునకు పేటెంటు తీసికొనిరి. పొరుగువర్తకుడు ఎదిరించెను. ఆ కమ్మీ లేతులకు పాతదే, ఇది కార్ఖానాలో జరుగు దిద్దుబాటే గాని కల్పన కాదని కోర్టు పేటెంటును రద్దుచేసెను. మంజూరు చేసిన మాత్రమున పేటెంటు చెల్లునని సర్కారు పూచీ యుండదనియు అందే చెప్పిరి. 1951లో పెట్టిన దరఖాస్తు వివాదము 1978లో తీఱినది. ఆ నడుమ గడచిన ఏండ్లను పొరుగువర్తకునకు ఎవరు తిరిగి ఇత్తురు?

అందుచేతనే చట్టములోని 25వ సెక్షను మాకు మిక్కిలి విలువైనదిగా తోచుచున్నది. దరఖాస్తు ప్రకటితమైన పిమ్మట, పేటెంటు మంజూరు కాకముందు, ఏ వ్యక్తియైనను వచ్చి "ఇది పాతదే" యని సాక్ష్యముతో చెప్పవచ్చును. అచ్చుకాగితమే కానక్కఱలేదు, ఈ దేశమున బహిరంగముగ వాడుకలో నుండెనని చూపినను చాలును. 2024 నిబంధనలు ఈ ద్వారమునకు రుసుము పెట్టినవి. అభ్యంతరము వినదగినదా యని కంట్రోలరు ముందుగా తేల్చు పద్ధతిని కూడ తెచ్చినవి. జాప్యము కలిగించుటకే అభ్యంతరములు పెట్టువా రున్నారని అధికారుల వాదము. అందు కొంత సత్యము లేకపోలేదు. అయినను ఊరి పోరంబోకు ఆక్రమింపబడుచున్నదని చెప్పవచ్చినవానిని వాకిట నిలిపి ముందు రుసుము చెల్లింపుమనుట మాకు రుచింపలేదు.

రుసుముకంటె పెద్ద యడ్డు భాష. పేటెంటు పత్రిక ప్రతి శుక్రవారము వెలువడుచున్నది. దరఖాస్తులు ఇంగ్లీషున గాని హిందీలో గాని యుండును. రెండు తెలుగు రాష్ట్రములకును కార్యాలయము చెన్నపట్టణమున నున్నది. బండి మెట్లను చేతులార చేయువారు మాత్రము తెలుగువారు. కంట్రోలరు కార్యాలయమువారు వాహనములు, వ్యవసాయపు పనిముట్లు, చేతివృత్తులు ఈ మూడింటికి సంబంధించిన దరఖాస్తుల సారమునైనను తెలుగున ప్రకటించుట అసాధ్యమైన పని కాదు. ఆ పని చేయవలసినదని మేము కోరుచున్నాము.

ఈ వ్యాసము వ్రాయుటకు ముందు మేము విజయవాడ ఆటోనగరున లారీ బాడీలు కట్టు ఒక షెడ్డునకు పోయితిమి. అచ్చటి మేస్త్రీ, అఱువదేండ్లవాడు, లాగినచో దిగివచ్చి, నెట్టినచో చట్రముక్రిందికి పోయెడి ఇనుపమెట్టు నొకదానిని చూపెను. మోటారు లేదు, ఒక స్ప్రింగు మాత్రమున్నది. త్రొక్కి చూచితిమి, కదలలేదు. చేయి చివర అడ్డుకడ్డీకి ఆని యుండెను.

"మేస్త్రీగారూ, దీనిని ఎప్పటినుండి చేయుచున్నారు?" అని యడిగితిమి.

"మా నాన్న కాలంనుంచీ చేస్తున్నామండీ. ఇందులో ఏముందండీ."

మొదట చేసిన బండి యేది, కొలతలు వ్రాసిన పుస్తక మేది, తేదీ గల రసీదైనను ఉన్నదా యని అడిగితిమి. ఆతడు నవ్వి వెనుకగోడవైపు చేయి చూపెను.

"బండి అస్సాం వాళ్లు కొనుక్కుపోయారండీ, ఇప్పుడు ఎక్కడుందో. కొలతలంటారా, అన్నీ ఆ గోడమీదే సుద్దముక్కతో రాసుకునేవాళ్లం. మొన్న దసరాకు సున్నం కొట్టించామండీ."