1987లో పెట్టిన ఉప్మా 16 ఏళ్ళ తర్వాత ఏం చెప్పింది?

ఈ ఎపిసోడ్‌లో మనం ఒక ఉప్మా గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నా.

1987లో హైదరాబాద్ దగ్గరి కొన్ని పల్లెల్లో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ళలోపు పిల్లలకు రోజూ ఉప్మా వండి పెట్టడం మొదలైంది. ఆ పక్క పల్లెలకు ఆ స్కీమ్ అప్పటికింకా రాలేదు. ఆ రోజుల్లో పుట్టిన పిల్లలు టీనేజ్‌కి వచ్చాక సైంటిస్టులు మళ్ళీ అదే ఊళ్ళకు పోయి, వాళ్ళ ఎత్తు కొలిచారు, రక్తం పరీక్ష చేశారు. తేడా ఉందా, లేదా? ఉంటే ఎంత? ఇదే ఈ రోజు టాపిక్.

ఇలా మనుషులను పుట్టుక నుంచి ఏళ్ళ తరబడి ఫాలో అవుతూ చేసే పరిశోధనను బర్త్ కోహార్ట్ స్టడీ అంటారు. కోహార్ట్ అంటే ఏం లేదు, ఒకే కాలంలో పుట్టిన ఒక బ్యాచ్.

ఫ్లెక్సీ వేరు, అడ్మిషన్ రిజిస్టర్ వేరు

ఇంత కష్టం ఎందుకు, ఇప్పుడున్న వాళ్ళను అడిగితే సరిపోదా అని మీకు డౌట్ రావచ్చు. సరిపోదు. ఎందుకో చూద్దాం.

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారం నందికొట్కూరు నుంచి నంద్యాల దాకా ఎక్కడ చూసినా ఫ్లెక్సీలే. ర్యాంకు వచ్చిన పిల్లల ఫోటోలు, కింద పెద్ద పెద్ద నంబర్లు. అది చూసి ఆ కాలేజీ మంచిదని చెప్పగలమా? ఫస్టియర్‌లో ఎంతమంది చేరారు, మధ్యలో ఎంతమంది మానేశారు, ఎంతమంది ఫెయిలయ్యారు, ఇవేవీ ఫ్లెక్సీ మీద ఉండవు. నిజం తెలియాలంటే చేరిన రోజు రాసిన అడ్మిషన్ రిజిస్టర్ తీసి, అందులో ఉన్న ప్రతి పేరూ తర్వాత ఏమైందో చూడాలి.

కోహార్ట్ స్టడీ చేసేది అదే. గెలిచినవాళ్ళను పట్టుకుని వెనక్కి లెక్కేయదు. మొదటి రోజు పేరు రాసుకున్న వాళ్ళందరితో ముందుకు నడుస్తుంది.

రెండో కారణం జ్ఞాపకం. నేను పుట్టినప్పుడు ఎన్ని కిలోలున్నానని మీ అమ్మనడగండి. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావని అడగండి. ఆమె చెప్పేది ప్రేమతో చెప్తుంది, కానీ ఇరవై ఏళ్ళ తర్వాత చెప్పిన జవాబు రికార్డు కాదు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్ళకు ఇది బాగా తెలుసు. సర్వర్ పడిపోయినప్పుడు ఏం జరిగిందని మనిషిని అడిగితే కథ వస్తుంది, లాగ్ ఫైల్ తెరిస్తే టైమ్‌తో సహా వస్తుంది.

ప్రపంచంలో బాగా పేరున్న లాగ్ ఫైల్ ఒకటి బ్రిటన్‌లో ఉంది. 1946 మార్చిలో ఒకే ఒక్క వారంలో పుట్టిన పిల్లల్లోంచి 5,362 మందిని జేమ్స్ డగ్లస్ అనే డాక్టర్ ఫాలో అవ్వడం మొదలుపెట్టారు. ఆయన తర్వాత వేరేవాళ్ళు అందుకున్నారు. ఆ పిల్లలు ముసలివాళ్ళయ్యాక కూడా ఆ స్టడీ ఆగలేదు.

మన ఉప్మా కథ

ఇప్పుడు హైదరాబాద్‌కి వద్దాం. అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం దేశంలో 1975లో మొదలైంది. కానీ ఒక్కసారే అన్ని ఊళ్ళకూ రాలేదు, విడతలు విడతలుగా వచ్చింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్‌ఐఎన్, ఈ గ్యాప్‌ని వాడుకుంది. 1987 నుంచి 1990 మధ్య మొత్తం 29 ఊళ్ళు తీసుకున్నారు. పథకం వచ్చినవి 15, ఇంకా రానివి 14.

మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో, సోయా నూనెతో ఉప్మా. తల్లులకు పెట్టే ప్లేటులో సుమారు 500 కేలరీలు, 20 నుంచి 25 గ్రాముల ప్రొటీన్. పిల్లలకు సుమారు 300 కేలరీలు, 8 నుంచి 10 గ్రాముల ప్రొటీన్. అంతే. అప్పుడు వాళ్ళు చూడాలనుకున్నది పుట్టిన బిడ్డ బరువు. తేడా వచ్చింది, కానీ చిన్నదే, సగటున 60 గ్రాముల చిల్లర. కథ అక్కడితో అయిపోయి ఉండేది.

అవ్వలేదు. 2003 నుంచి 2005 మధ్య సంజయ్ కిన్రా అనే పరిశోధకుడి టీమ్ మళ్ళీ ఆ ఊళ్ళకు పోయింది. 13 నుంచి 18 ఏళ్ళ మధ్య ఉన్న 1,165 మంది పిల్లలను పరీక్ష చేశారు. ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి.

ఉప్మా ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు, అంటే సెంటీమీటరున్నర కంటే కొంచెం తక్కువ, ఎత్తు ఎక్కువ ఉన్నారు. ఒళ్ళు మాత్రం ఎక్కువ రాలేదు. అసలు ముఖ్యమైంది లోపల ఉంది. ఇన్సులిన్ రెసిస్టెన్స్ స్కోరు వాళ్ళలో 20 శాతం తక్కువ. మనం తిన్న చక్కెరను కణాల్లోకి పంపమని ఇన్సులిన్ చెప్తుంది. ఆ మాట శరీరం సరిగ్గా వినకపోవడమే ఇన్సులిన్ రెసిస్టెన్స్. అది ముదిరితే షుగర్ జబ్బుకు దారి. రక్తనాళాలు గట్టిపడటం కూడా వీళ్ళలో కొంచెం తక్కువగా కనిపించింది. బీపీలో, కొలెస్ట్రాల్‌లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు.

చూడండి, పుట్టినప్పుడు కనిపించింది 60 గ్రాముల చిల్లరే. పదహారేళ్ళు ఆగి చూస్తే రక్తంలో కనిపించింది. మధ్యలో ఎవరూ ఫాలో అవ్వకపోతే ఉప్మా వల్ల పెద్దగా లాభం లేదని ఫైలు మూసేసేవాళ్ళు. తర్వాత ఇంకో విశ్లేషణలో, ఉప్మా ఊళ్ళ పిల్లలు బడిలో కొనసాగే అవకాశం కూడా ఎక్కువని తేలింది. 2010 తర్వాత ఆ పిల్లల అమ్మానాన్నలను, అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను కూడా కలుపుకుని దాదాపు 7 వేల మందితో ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీగా అది పెద్దదైంది.

మన వయసువాళ్ళ బ్యాచ్

రెండో స్టడీ మీకు ఇంకా దగ్గరిది. పేరు యంగ్ లైవ్స్. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నడుపుతోంది. 2002లో ఇథియోపియా, పెరూ, వియత్నాం, ఇండియా, ఈ నాలుగు దేశాల్లో 12 వేల మంది పిల్లలతో మొదలైంది. ఇండియాలో ఎక్కడనుకున్నారు? అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. 2001-02లో పుట్టినవాళ్ళు సుమారు 2 వేలు, 1994-95లో పుట్టినవాళ్ళు సుమారు వెయ్యి.

మన పాత కర్నూలు జిల్లా అందులో లేదు. కానీ మనకు ఆనుకుని ఉన్న అనంతపురం, కడప, కృష్ణ అవతలి మహబూబ్‌నగర్ మూడూ ఉన్నాయి. కాబట్టి కరువు ఎలా ఉంటుందో ఆ పిల్లలకు కొత్తగా చెప్పక్కర్లేదు.

2002 కరువు మీ ఇంట్లో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అప్పటికి ఈ స్టడీలో చిన్న బ్యాచ్‌ది పాలు తాగే వయసు. 2003 జనవరిలో రాష్ట్రంలో బళ్ళలో వండిన మధ్యాహ్న భోజనం మొదలైంది. కరువు దెబ్బ తిన్న ఇళ్ళ పిల్లలు తర్వాత బడికి పోయి ఆ భోజనం తింటే ఏమైంది? అభిజిత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కన్ ఈ డేటాతోనే లెక్కగట్టారు. కరువు వల్ల ఎదుగుదలలో వెనకబడిన పిల్లలకు బడి అన్నం పెద్ద ఆసరా అయ్యిందని, వాళ్ళ ఆరోగ్యం బాగా మెరుగుపడిందని తేలింది.

ఇది గుర్తుపెట్టుకోండి. రెండేళ్ళలోపు దెబ్బ తింటే జీవితం అయిపోయినట్టే అని వాట్సాప్‌లో వీడియోలు తిరుగుతుంటాయి. మొదటి రెండేళ్ళు చాలా ముఖ్యం, నిజమే. కానీ తలుపు అక్కడితో మూసుకుపోదు. ఐదేళ్ళప్పుడు పెట్టిన అన్నం కూడా పనిచేసింది.

అసలు కష్టం మనుషులను వెతకడం

ఈ స్టడీల్లో ప్రతి పిల్లాడికీ ఒక ఐడీ నంబర్ ఉంటుంది. డేటాబేస్ చదివినవాళ్ళకు ప్రైమరీ కీ అంటే అర్థమవుతుంది. డేటా వాడుకునే వాళ్ళకు పేర్లు, అడ్రసులు ఇవ్వరు, ఆ నంబరే ఇస్తారు. ఒకే నంబర్ కింద ఒకటో ఏడు బరువు, ఐదో ఏడు ఎత్తు, పదిహేనో ఏడు చదువు, అన్నీ వరుసగా చేరాలి.

కాగితం మీద సులభమే. కానీ మనుషులు ఒక చోట ఉండరు కదా. అమ్మాయికి పెళ్ళయితే వేరే ఊరు పోతుంది. కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే మిరప కోతలకు గుంటూరు పోతాయి, ఇంటికి తాళం ఉంటుంది. ఫోన్ నంబర్లు మారిపోతాయి. ఎక్కువ కష్టాల్లో ఉన్నవాళ్ళే ఎక్కువగా ఊరు మారతారు. వాళ్ళను వదిలేస్తే లెక్క మళ్ళీ ఫ్లెక్సీలాగే తయారవుతుంది. అందుకే రౌండు రౌండుకీ అంత వెతుకులాట. 2020లో కరోనా వచ్చి ఇళ్ళకు పోలేని పరిస్థితి వస్తే, యంగ్ లైవ్స్ వాళ్ళు ఫోన్‌లోనే ప్రశ్నలు అడిగారు.

ఇంకో లిమిట్ కూడా చెప్పాలి. ఉప్మా ఊళ్ళను లాటరీ తీసి ఎంచలేదు, పథకం వచ్చిన చోటు అలా వచ్చింది. కాబట్టి ఆ రెండు రకాల ఊళ్ళ మధ్య వేరే తేడాలు కూడా ఉండి ఉండొచ్చు. యంగ్ లైవ్స్ అయితే పేద కుటుంబాలు ఎక్కువగా ఉండేలా ఎంచుకుంది, అది రాష్ట్రం మొత్తానికి సగటు కాదు. అలాగే 1987 నాటి ఉప్మా ఫలితాన్ని ఇప్పుడిచ్చే గుడ్లకు, పాలకు అచ్చంగా అంటించలేం. ఒక్క పేపర్ చూసి ఇదే ఫైనల్ అని ఎవరన్నా చెప్తే నమ్మకండి.

మరి మనమేం చేయాలి?

ఒకటి. మీ ఇంట్లో అక్కో వదినో కడుపుతో ఉంటే, అంగన్‌వాడీలో ఆమె పేరు రాయించారో లేదో కనుక్కోండి. అది పేదోళ్ళకు, మనకెందుకు అని వదిలేసే ఇళ్ళు ఉన్నాయి. తెచ్చిన గుడ్లు ఇంటిల్లిపాదీ పంచుకుని, ఆమెకు ఒకటి మిగిల్చే ఇళ్ళు ఇంకా ఎక్కువ. ఆమె వంతు ఆమె తినేలా చూడటం మీ చేతిలో ఉన్న పని. దాని లాభం ఈ నెలలో, ఈ ఏడాదిలో కనిపించకపోవచ్చు. 29 ఊళ్ళు చెప్పింది అదే కదా.

రెండు. ఎప్పుడన్నా ఎవరన్నా సర్వే అని ఇంటికొస్తే, ముందు ఏ సంస్థ, ఎందుకు, పేరు బయటకొస్తుందా అని అడగండి. అది మీ హక్కు, ఇష్టం లేకపోతే వద్దనొచ్చు. ఆధార్ ఓటీపీ అడిగితే మాత్రం అది సర్వే కాదు, వెంటనే పంపించేయండి. కానీ అంతా సరిగ్గా ఉంటే ఓ గంట కూర్చుని జవాబు చెప్పండి. 1,165 మంది టీనేజర్లు రక్తం ఇవ్వబట్టే ఈ రోజు మనకు ఈ విషయం తెలిసింది.

మీ అమ్మ మీరు పుట్టకముందు అంగన్‌వాడీ నుంచి ఏం తెచ్చుకుందో, మీరు బళ్ళో భోజనం తిన్నారో లేదో కామెంట్లలో రాయండి, చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో టాపిక్‌తో కలుద్దాం. అంతవరకు ఉంటా మరి.